స్వర్గం, నరకం నిజంగా ఉన్న చోట్లా, లేక మనసుకు సంబంధించిన భావనలా?

గోదావరి గట్టు (ప్రశ్న):

మా నాన్నగారు ఈమధ్యనే కాలం చేశారు. కర్మ జరిగిన రోజుల్లో ఆచారం ప్రకారం సాయంత్రం పూట ఇంట్లో గరుడపురాణం చదివించాము. శాస్త్రిగారు శ్లోకం చదివి తెలుగులో తాత్పర్యం చెబుతుంటే బంధువులంతా కూర్చుని విన్నారు. వైతరణీ నది వర్ణన వచ్చినప్పుడు, అందులో నీళ్ళకు బదులు నెత్తురు, చీము ప్రవహిస్తాయని, గోదానం చేసినవారిని మాత్రం ఆ గోవు దాటిస్తుందని విని, ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి "తాతయ్య ఆ నది దాటేశాడా, ఇంకా ఒడ్డునే ఉన్నాడా?" అని నన్ను అడిగింది. గోవుకు బదులుగా కొంత పైకం దానంగా ఇచ్చి సరిపెట్టిన మాట నిజమే కనుక, నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

ఆ మాట మీద ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య వాదన మొదలైంది. మా చిన్నాన్నగారి అభిప్రాయంలో యమలోకం, స్వర్గలోకం మనం ఉన్న ఊరంత నిజం. మన కంటికి కనబడనంత మాత్రాన లేవనడానికి వీల్లేదు. మా బావగారు ఇవన్నీ మనిషిని మంచి దారిలో పెట్టడానికి పెద్దలు అల్లిన ఉపమానాలని, మనశ్శాంతే స్వర్గమని, పశ్చాత్తాపమే నరకమని అంటారు. ఇద్దరూ శాస్త్రం తమవైపే ఉందంటున్నారు.

ఏది నమ్మాలో చెప్పమని నేను అడగడం లేదు. మన గ్రంథాలు వీటిని చోట్లుగా చెప్పాయా, స్థితులుగా చెప్పాయా, ఈ ప్రశ్న పూర్వం ఎవరైనా వేశారా అన్నది తెలిసినవారు వివరంగా రాయగలరు. ఇతర మతాలవారు కూడా తమ సంప్రదాయంలో ఏముందో చెబితే సంతోషిస్తాను.

పాత బడిపంతులు:

అమ్మా, మీ నాన్నగారికి సద్గతి కలగాలని కోరుకుంటున్నాను. మీరు అడిగిన ప్రశ్నను ఇంచుమించు మీ మాటల్లోనే పరీక్షిన్మహారాజు శుకమహర్షిని అడిగాడు. భాగవతం పంచమస్కంధం చివరి అధ్యాయంలో, "నరకాలనేవి భూమి మీద ఉన్న ప్రత్యేక ప్రదేశాలా, ముల్లోకాలకు బయట ఉన్నవా, లేక నడిమధ్యన ఉన్నవా?" అని అతడు అడిగితే, శుకుడు దాటవేయకుండా, అవి ముల్లోకాల లోపలే, దక్షిణ దిక్కున, భూమికి దిగువన, బ్రహ్మాండం అడుగున ఉండే గర్భజలానికి ఎగువన ఉన్నాయని చెప్పాడు. అగ్నిష్వాత్తులు మొదలైన పితృగణాలు ఉండే దిక్కు కూడా అదేనట. ఆ తరువాత తామిస్రం, అంధతామిస్రం, రౌరవం, కుంభీపాకం అంటూ ఇరవై ఎనిమిది నరకాలను పేరు పేరునా వివరించాడు. మన తెలుగు భాగవతంలో ఈ స్కంధాన్ని అనువదించినది పోతన కాదు, గంగనార్యుడు. బహుశా అందుకే తక్కిన స్కంధాల పద్యాలు నోటికి వచ్చినవారికి కూడా ఈ భాగం అంతగా పరిచయం ఉండదు. ఇంతవరకు చూస్తే మీ చిన్నాన్నగారిదే గెలుపు.

అయితే ఆ అధ్యాయాన్ని చివరి దాకా చదవాలి. ఇరవై ఎనిమిదీ చెప్పిన తరువాత శుకుడు ఇటువంటి నరకాలు యమాలయంలో వందలు, వేలు ఉన్నాయని అంటాడు. అంటే ఆ పట్టిక సంపూర్ణమని ఆయనకే పట్టింపు లేదు. ఆపైన, ద్వీపాలు, సముద్రాలు, పాతాళాలు, నరకాలు అన్నీ కలిసినది భగవంతుని స్థూలరూపమని, సాధకుడు ముందు దాని మీద మనసు నిలిపి, ఆ నిలిచిన మనసును మెల్లగా సూక్ష్మరూపం మీదికి తీసుకుపోవాలని చెబుతాడు. అంటే ఆ భూగోళ వర్ణనంతా ధ్యానానికి ఆలంబనగా చెప్పబడినదన్నమాట. షష్ఠస్కంధం మొదలవగానే పరీక్షిత్తు వేసిన ప్రశ్న కూడా గమనించదగినది. "ఆ నరకాలకు పోకుండా ఉండే ఉపాయమేమిటి?" అని అతడు అడిగాడు గాని, దూరం ఎంత, దారి ఎటు అని అడగలేదు. దానికి సమాధానంగా వచ్చినదే అజామిళుని కథ.

ఇక మీ బావగారి పక్షానికి వస్తాను. అదే భాగవతం తృతీయస్కంధంలో కపిలుడు తన తల్లి దేవహూతికి పాపి మరణానంతర ప్రయాణాన్ని భయంకరంగా వర్ణించి, వెంటనే ఈ మాట చెబుతాడు:

"అత్రైవ నరకః స్వర్గ ఇతి మాతః ప్రచక్షతే
యా యాతనా వై నారక్యస్తా ఇహాప్యుపలక్షితాః"

అమ్మా, నరకమూ స్వర్గమూ ఇక్కడే అని కూడా అంటారు, నరకంలోని యాతనలు ఇక్కడ కూడా కనిపిస్తూనే ఉన్నాయి అని దీని భావం. విష్ణుపురాణం ద్వితీయాంశం ఆరవ అధ్యాయం ఇంకా ముందుకు పోతుంది. నరకాల పేర్లు వరుసగా చెప్పిన ఆ అధ్యాయంలోనే పరాశరుడు "మనఃప్రీతికరః స్వర్గో నరకస్తద్విపర్యయః" అంటాడు. మనసుకు ప్రీతి కలిగించేది స్వర్గం, దానికి విరుద్ధమైనది నరకం, నిజానికి పుణ్యపాపాలకే ఆ పేర్లు అని అర్థం. దీనిని ఎవరో ఆధునికులు చొప్పించారని అనుకోవడానికి వీలులేదు; పట్టికా, ఈ మాటా పక్కపక్కనే ఉన్నాయి.

వేదవిధుల అర్థాన్ని విచారించే మీమాంసకులు దీనిని మరింత కచ్చితంగా చర్చించారు. "స్వర్గకామో యజేత", అంటే స్వర్గం కోరేవాడు యజ్ఞం చేయాలి అని వేదం విధించింది కనుక, స్వర్గమంటే ఏమిటో తేల్చకుండా వారికి అడుగు ముందుకు పడదు. శబరస్వామి మీమాంసాసూత్రాలకు రాసిన భాష్యం ఆరవ అధ్యాయం మొదట్లో, సన్నని పట్టుబట్టను, మంచిగంధాన్ని కూడా లోకులు స్వర్గమంటారు గనుక అది వస్తువా అని ప్రశ్నించి, కాదు, అవి సుఖం ఇచ్చినప్పుడే ఆ పేరు పొందుతున్నాయి గనుక ప్రీతియే స్వర్గమని నిర్ణయిస్తాడు. ఎండ, చలి, ఆకలి, దప్పిక లేని ఒక చోటు కదా స్వర్గం అని ప్రతివాది అడిగితే, అటువంటి చోటు ప్రత్యక్షానికి గాని, అనుమానానికి (కారణాన్ని బట్టి తర్కించి తెలుసుకోవడానికి) గాని అందదని కొట్టివేస్తాడు. "యన్న దుఃఖేన సంభిన్నం" అని మొదలయ్యే ప్రసిద్ధ శ్లోకం, దుఃఖం కలవనిది, తరువాత దుఃఖం మింగివేయనిది, కోరగానే అందేది అయిన సుఖానికే స్వర్గమని పేరు పెట్టింది.

కానీ ఇక్కడ తొందరపడకూడదు. శబరుడు చెప్పిన ప్రీతి మరణానంతరం కర్త అనుభవించే ఫలమే గాని, ఇప్పుడు మనం చెప్పుకునే మనశ్శాంతి కాదు. అందుచేత మీ బావగారు ఆయనను పూర్తిగా తమవైపు లాక్కోలేరు. పూర్వులకు ముఖ్యమైన ప్రశ్న చోటా, భావనా అన్నది కాదని నా అభిప్రాయం. అనుభవించేది ఎవరు, ఏ శరీరంతో, ఎంతకాలం అన్నవే వారి ప్రశ్నలు. మూడవదానికి మాత్రం అందరూ ఒకే జవాబు ఇచ్చారు. "క్షీణే పుణ్యే మర్త్యలోకం విశంతి", పుణ్యం తరిగిపోగానే మళ్ళీ మర్త్యలోకంలో ప్రవేశిస్తారు అని గీత, ఆ సుకృతం తీరగానే ఈ లోకానికో ఇంతకంటె హీనమైన లోకానికో వస్తారని ముండకోపనిషత్తు చెబుతున్నాయి. నరకం కూడా అంతే, గడువు తీరగానే విడుదల. స్వర్గాన్ని మోక్షంతో కలిపివేసి మాట్లాడడం ఈ కాలపు అలవాటు. వైకుంఠం స్వర్గం కాదని ఏ శ్రీవైష్ణవుణ్ణి అడిగినా చెబుతారు.

హేతువు:

మాష్టారు గారు శబరస్వామిని ఉదహరించినందుకు కృతజ్ఞతలు. ఆయన వాదం అక్కడ వేదాన్ని, పరలోకాన్ని ఒప్పుకోని చార్వాకుల వాదానికి ఎంత దగ్గరగా ఉన్నదో గమనించండి. చావకుండా అక్కడికి వెళ్ళి తిరిగివచ్చి చూసినది చెప్పగల మనిషి లేనప్పుడు, అటువంటి దేశం ఉన్నదనడానికి ప్రమాణమేమిటి? వేదాన్ని ప్రమాణంగా ఒప్పుకున్నందువల్ల శబరుడు ప్రీతి దగ్గర ఆగాడు, ఒప్పుకోనివారు "న స్వర్గో నాపవర్గో వా", స్వర్గమూ లేదు, మోక్షమూ లేదు అన్నారు. మొదటి మెట్టు మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

ఇవి భౌగోళిక సత్యాలైతే కొలతలు పొసగాలి. గరుడపురాణం ప్రకారం యమపురికి దారి ఎనభై ఆరు వేల యోజనాలు. ప్రేత మధ్యలో పదహారు పట్టణాలు దాటుతూ, నెలనెలా జరిపే మాసికాలలో పెట్టిన పిండం తింటూ, ఏడాది పాటు నడుస్తుంది. మాష్టారు చెప్పిన కపిలుని ఉపదేశంలోనే ఆ దారి తొంభై తొమ్మిది వేల యోజనాలు, ప్రయాణం రెండు మూడు ముహూర్తాలు. రెండూ ఒకే దేశానికి పటాలు కాజాలవు. ఏడాది ప్రయాణం అనే లెక్క ఏడాది పొడవునా జరిగే మాసికాలకు సరిపోయేలా కట్టబడిందని నాకు అనిపిస్తుంది.

ఇంకొక సంగతి. నరకాల పట్టికను శిక్షాస్మృతిగా చదివితే, దానిని రాసినవారి సమాజం బయటపడుతుంది. సూకరముఖమనే నరకంలో యమభటులు పాపిని చెరకుగడను పిండినట్లు పిండుతారట. అది ఎవరికి? నిరపరాధిని శిక్షించిన రాజుకు, రాజోద్యోగికి. ఎంత న్యాయమైన మాట అని మనం మెచ్చుకునేలోపు, అదే వాక్యంలో, బ్రాహ్మణునికి శరీరదండన విధించినవారికి కూడా అని చేర్చారు. వేదమార్గం విడిచి వేరే మతం పట్టినవానికి అసిపత్రవనం. మరోవైపు, నల్లులను, దోమలను, పేలను హింసించినవానికి అంధకూపం అన్నారు. ఆ అల్పజీవులకు ఎదుటివారి బాధ తెలియదు, మనిషికి తెలుసు, కాబట్టి తప్పు మనిషిది అన్న తర్కం నాకు నిజంగా నచ్చింది. నచ్చినవీ నచ్చనివీ కలిసి ఉండడమే ఇది మనుషులు రాసినదని చెబుతోంది.

మీ అమ్మాయికి మాత్రం తాతయ్య ఎక్కడా కష్టపడడం లేదని చెప్పండి. నా దృష్టిలో అది ఓదార్పు కోసం చెప్పే అబద్ధం కాదు, సత్యమే.

అమరావతి శిల:

ఈ రెండు పక్షాలకూ చెందని మూడవ మాట ఒకటి బౌద్ధంలో ఉంది. వసుబంధుడు అనే బౌద్ధాచార్యుడు తన వింశతిక అనే గ్రంథంలో నరకపాలకుల గురించి ఒక చిక్కుప్రశ్న వేశాడు. నరకంలో నేల కాగిన ఇనుము. దాని మీద పాపిని నిలబెట్టి హింసించే భటులు కూడా అదే నేల మీద నిలబడాలి కదా? వారికి కాలితే, వారు కూడా బాధితులే అవుతారు, ఇతరులను హింసించే ఓపిక వారికి ఎక్కడిది? కాలకపోతే, వారు ఆ నరకంలో పుట్టిన ప్రాణులు కారు. ఏ పాపమూ చేయనివారు అక్కడ ఎందుకు పుడతారు?

కాబట్టి ఆ భటులు నిజమైన ప్రాణులు కారని, అక్కడ పుట్టినవారి కర్మబలం చేతనే అలా భాసిస్తున్నారని ఆయన నిర్ణయించాడు. అలాగని దీనిని ఒక మనిషి ఒంటరిగా కనే పీడకలగా కూడా ఆయన చెప్పలేదు. ఒకే రకమైన కర్మ ఒకేసారి పండినవారంతా అదే నదిని, అవే భటులను చూస్తారు. అనేకులు కలిసి చూసేది గనుక కేవల ఊహ కాదు, బయట వస్తువుగా లేదు గనుక చోటూ కాదు. కొంతకాలం తరువాత శాంతిదేవుడు అనే మరొక బౌద్ధాచార్యుడు కూడా నరకంలోని ఆయుధాలను ఎవరు తయారుచేశారు, ఆ కాగిన ఇనుప నేలను ఎవరు పరిచారు అని అడిగి, అదంతా పాపచిత్తం నుండి పుట్టిందని బుద్ధుడు చెప్పినట్లు బోధిచర్యావతారంలో రాశాడు.

బౌద్ధంలోనే మరొక శాఖవారైన థేరవాదులు మాత్రం అవీచి అనే నరకాన్ని, త్రయస్త్రింశ దేవలోకాన్ని ప్రాణులు పుట్టే లోకాలుగానే చెబుతారు. హేతువు గారు అడిగిన కొలతల ప్రశ్న వసుబంధుని జవాబుకు తగలదు, కానీ దానికి చెల్లించవలసిన మూల్యం ఒకటి ఉంది. ఆయన తర్కం నరకంతో ఆగదు. మనం కూర్చున్న గది కూడా అదే పద్ధతిలో భాసిస్తున్నదని ఒప్పుకోవలసి వస్తుంది, ఆయనకు కావలసినదీ అదే.

గుంటూరు పాఠకుడు:

అక్కగారూ, నేను కతోలికుణ్ణి. మాలో కూడా మీ ఇంటి వాదనే జరుగుతుంది, కాకపోతే మా దగ్గర ఈ మధ్యకాలంలో ఒక పోపుగారే దీనిమీద సూటిగా మాట్లాడారు. 1999 జూలై, ఆగస్టు నెలలలో రెండవ జాన్ పాల్ పోపుగారు బుధవారపు ఉపదేశాలలో వరుసగా పరలోకం, నరకం, ఉత్తరించు స్థలం (పరలోకానికి ముందు ఆత్మలు శుద్ధి పొందేది) గురించి బోధించారు. పరలోకం మబ్బుల్లో ఉన్న భౌతిక ప్రదేశం కాదని, త్రియేక దేవునితో సజీవమైన సంబంధమని, నరకం ఒక చోటు అనడం కంటె, దేవునికి స్వేచ్ఛగా, శాశ్వతంగా దూరమైనవారి స్థితి అనడం సరైనదని ఆయన చెప్పారు. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం కూడా నరకాన్ని మనిషి తనను తాను దేవుని నుండి శాశ్వతంగా వెలివేసుకున్న స్థితిగానే నిర్వచించింది. అయితే నరకం ఉన్నదని, అది నిత్యమని అదే గ్రంథం నొక్కి చెబుతుంది. స్థితి అన్నంత మాత్రాన అది లేదన్నట్లు కాదు. మా ప్రసంగాలలో ఈ తేడా తరచుగా జారిపోతుంది.

పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి. యేసు నరకం గురించి హెచ్చరించినప్పుడు వాడిన గెహెన్నా అనే పేరు యెరూషలేముకు దక్షిణాన నేటికీ ఉన్న ఒక లోయది. మన తెలుగు బైబిలు పాతనిబంధనలో అది బెన్‌హిన్నోము లోయ. అక్కడి తోఫెతు అనే చోట తమ పిల్లలను మొలెకు అనే దేవతకు అగ్నిలో అర్పించేవారని, యోషీయా రాజు దానిని అపవిత్రపరచి ఆ ఆచారాన్ని మాన్పించాడని రాజుల రెండవ గ్రంథం చెబుతుంది. యిర్మీయా ప్రవక్త దానిని వధలోయ అన్నాడు. అంటే మనుషులు తమ బిడ్డలను కాల్చిన ఒక అసలైన చోటు తరువాతి కాలంలో దేవుని తీర్పుకు పేరుగా నిలిచింది. ఆ లోయలో ఊరి చెత్త నిత్యం తగలబడుతుండేదని మా ప్రసంగీకులు చెబుతుంటారు గాని, దానికి ఆ కాలపు ఆధారం గట్టిగా లేదు.

అయినా చోటు అనే మాటను మేము పూర్తిగా వదలుకోలేము. శరీర పునరుత్థానాన్ని విశ్వసిస్తున్నామని ప్రతి ఆదివారం చెప్పుకునే మాకు, మహిమ శరీరమైనా శరీరమే కదా, దానికి ఉనికి ఎక్కడ అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించేటప్పుడు, మా అమ్మగారు చనిపోయినవారిని ఒక స్థితిలో ఉన్నట్లు ఊహించుకోరు. ఆమె దృష్టిలో వారు ఒక చోట ఎదురుచూస్తున్నారు. పోపుగారి బోధన ఆమెకు వినిపించాను. "సరే నాయనా" అని, తరువాతి కొవ్వొత్తి వెలిగించారు.

కర్నూలు వాసి:

ఇస్లాంలో సాధారణ విశ్వాసం చిన్నాన్నగారి పక్షానే ఉంటుంది. జన్నత్ (స్వర్గం), జహన్నమ్ (నరకం) వాస్తవంగా ఉన్నాయి, తీర్పుదినం తరువాత మనుషులు మళ్ళీ లేపబడి శరీరంతోనే వాటిలో ప్రవేశిస్తారు. చర్చ వేరేచోట నడిచింది. అవి ఇప్పటికే సృష్టించబడి ఉన్నాయా, లేక ఆ రోజున సృష్టించబడతాయా? మత తాత్త్వికులలో రెండు వర్గాలు దీనిమీద తలపడ్డాయి: ఉన్నాయని అష్అరీలు, ప్రవేశించేవారే లేని ఇంటిని ముందుగా కట్టవలసిన పనిలేదు కనుక తరువాతనే అని ముఅతజిలీలలో అధికులు వాదించారు. అంతవరకు మరణించినవారు ఉండేది బర్‌జఖ్‌లో, అంటే ఈ లోకానికీ తీర్పుకూ నడుమ ఉన్న తెరలో. అందుచేత పోయినవారు ఇప్పుడు స్వర్గంలో ఉన్నారని మేము తేలికగా అనము.

అయితే ఆ తోటల, ఏటి నీళ్ళ వర్ణనను అక్షరాలా తీసుకోవాలా అన్నదానికి ఖురాన్‌లోనే ఒక హద్దు ఉంది. సజ్దా సూరా (అధ్యాయం) 17వ ఆయతు (వాక్యం), సజ్జనుల కోసం దాచి ఉంచబడిన కంటిచలువ ఎటువంటిదో ఏ ప్రాణికీ తెలియదని చెబుతుంది. ఉన్నదని నమ్మాలి, ఎలా ఉంటుందో ఇక్కడి వస్తువులతో కొలవకూడదు అని మా పెద్దలు దీనిని వివరిస్తారు.

గోదావరి గట్టు:

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ నమస్కారాలు. కపిలుడు చెప్పిన శ్లోకాన్ని చిన్నాన్నగారికి, శుకుడు చెప్పిన జవాబును బావగారికి చదివి వినిపించాను. ఎవరి శ్లోకం వారికి కాకుండా అటుది ఇటు ఇచ్చేసరికి ఇద్దరూ కొంచెం మెత్తబడ్డారు. మాష్టారు గారూ, మరొక్క సందేహం. అనుభవించేది ఏ శరీరంతో అన్నదే పూర్వుల ప్రశ్న అన్నారు. దహనమైపోయిన తరువాత నదిలో మునిగేదీ, నొప్పి తెలిసేదీ ఏది? మా అమ్మాయి చేత ఈ విషయమై ఏదైనా చదివించదలిస్తే ఏది చదివించమంటారు?

పాత బడిపంతులు:

శరీరం విషయంలో గరుడపురాణం చాలా స్పష్టంగా ఉంది, తల్లీ. దహనంతో స్థూలదేహం పోతుంది; పది రోజులు పెట్టే పిండాలతో ప్రేతకు మరొక దేహం అవయవం అవయవంగా ఏర్పడుతుంది. మొదటిరోజు పిండంతో తల, రెండవరోజు మెడ, భుజాలు, మూడవరోజు గుండె, ఆ క్రమంలో తొమ్మిదవనాటికి పాదాలు, పదవరోజున ఆకలిదప్పులు పుడతాయి. నరకంలో బాధపడేదానిని యాతనాశరీరమంటారు. ఎంత హింసించినా నశించకపోవడం దాని లక్షణం. కాబట్టి చోటు అన్నప్పుడు కూడా, కాలినడకన వెళ్ళి మన కళ్ళతో చూడగల చోటు అని ఆ గ్రంథం భావం కాదు. ఆ చోటు ఆ శరీరానికే గోచరిస్తుంది. హేతువు గారు చూపిన యోజనాల తేడా నాకూ తెలుసు, దానికి సమన్వయం చెప్పబోను. ఏడాది లెక్కను మాసికాలకు సరిపోయేలా కట్టారన్న ఆయన ఊహ సబబుగానే ఉంది. సంకలనం చేసినవారు రెండు లెక్కలనూ అలాగే ఉంచారంటే, వాటిని దూరం కొలిచే సాధనాలుగా వారు చూసి ఉండరు.

పిల్లచేత గరుడపురాణం ఇప్పుడే చదివించకండి. భారతంలో స్వర్గారోహణపర్వం చదివించండి. చాలా చిన్నది, తిక్కనగారి తెలుగు కష్టమనిపిస్తే మీరే దగ్గర కూర్చోబెట్టుకుని కథగా చెప్పండి. ధర్మరాజు స్వర్గానికి వెళ్ళేసరికి అక్కడ దుర్యోధనుడు సింహాసనం మీద వెలిగిపోతూ కనిపిస్తాడు, తమ్ముళ్ళు కనిపించరు. వారున్న చోటికి తీసుకుపొమ్మంటే దేవదూత చీకటిదారిన, ఈగలూ దోమలూ ముసిరిన శవాల మధ్యగా నడిపిస్తాడు. దుర్గంధం భరించలేక వెనుదిరగబోయిన ధర్మరాజుకు, "నీ ఒంటిమీది గాలి సోకి మాకు హాయిగా ఉంది, కాసేపు నిలబడు" అని దీనమైన గొంతులు వినిపిస్తాయి. ఎవరని అడిగితే నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను ద్రౌపదిని అని పలుకుతాయి. అప్పుడు ఆయన, నేను ఇక్కడే ఉంటాను, నీవు పొమ్మని దూతను పంపివేస్తాడు. ఇంద్రాది దేవతలు వచ్చి నిలిచేసరికి చీకటి విడిపోతుంది. వైతరణి, కూటశాల్మలి అనే ముళ్ళ బూరుగుచెట్టు, పాపుల యాతనలు ఏవీ అక్కడ కనబడవు.

అదంతా ఇంద్రుడు చూపిన మాయ అని ధర్మదేవత చెబుతాడు. మాయ కాబట్టి లెక్కలోకి రాదని మాత్రం ఎవరూ అనరు. అశ్వత్థామ విషయంలో ద్రోణుణ్ణి మాటతో మోసగించావు కనుక నీకు కూడా ఒక నెపంతో నరకం చూపవలసి వచ్చింది అని ఇంద్రుడు అంటాడు. చోటు కాదు, అయినా శిక్ష నిజం. ఇక దుర్యోధనుడు అక్కడెందుకున్నాడని మీ అమ్మాయి తప్పకుండా అడుగుతుంది. శుభాశుభాలు రెండు రాశులుగా అందరికీ ఉంటాయని, పుణ్యఫలం ముందుగా అనుభవించినవాడు తరువాత నరకానికి పోతాడని, నరకం ముందుగా చూసినవాడు తరువాత స్వర్గానికి వస్తాడని ఇంద్రుడు అక్కడే చెప్పాడు. ఆ భాగాన్ని వదిలేయకుండా చెప్పండి.